బెళకిండి

జహీరాబాద్ పాత బస్టాండు వెనక గల్లీలో, ఇంటి ముందరి గదిలోనే మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది భాగీరథి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు గిరాకీ ఉండదు. ఆ వేళకు మిషను మీద గుడ్డ కప్పి, దారాల డబ్బా పక్కన చార్జింగులో ఉన్న ఫోను తీసుకుని ఆమె పుట్టింటికి పోతుంది.

నేల మీద ఆ పుట్టిల్లు ఇప్పుడు లేదు. మొగుడంపల్లి దాటి, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉన్న చిన్న ఊళ్లో ఉండేది. ఎర్రమట్టి గోడలు, పైన మట్టి మిద్దె. వరసగా వానలు పట్టి వెనక గోడ ఉబ్బేసరికి తమ్ముడు శంకరప్ప ఫోను చేశాడు.

"అక్కా, పిల్లలు తిరిగే ఇల్లు. ఎప్పుడు కూలుతదో అని నిద్ర పడుతలేదు."

"కూలగొట్టు తమ్మీ. ఇంటికంటె పిల్లలు ఎక్కువ గదా," అంది భాగీరథి.

కూలగొట్టే రోజు మాత్రం ఆమె వెళ్ళలేదు. కొత్త స్లాబు ఇంటి గృహప్రవేశానికి వెళ్ళి, నున్నటి బండల మీద నడిచి, భోంచేసి, "మంచిగున్నది" అని తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. పక్కన కూర్చున్న కూతురు దీక్షిత అది గమనించింది.

దీక్షిత ఒక్కతే సంతానం. డిగ్రీ చదివేది. మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగింది.

"అమ్మా, అమ్మమ్మ ఇల్లు ఎట్లుండె? నాకు తల్వాకిలి తప్ప ఏం యాదికి లేదు."

"ఇప్పుడెందుకే అది?"

"కడత."

ఆమె కడతానన్నది ఫోనులో. అదొక దిమ్మెల ఆట. అందులో నేల, చెట్టు, కొండ, ఆఖరికి గొర్రె కూడా నలుపలకల డబ్బాల లాగే ఉంటాయి. నేలను కొడితే ఒక దిమ్మె ఊడి సంచిలోకి వస్తుంది. దాన్ని తీసి ఇంకోచోట పెడితే గోడలో ఒక వరస లేస్తుంది. దీక్షిత చిన్నప్పటినుంచీ అందులో కోటలూ వంతెనలూ కట్టి పడేసేది. తల్లి ఎప్పుడూ ఫోను వంక చూసి ఎరగదు. ఆ రోజు మాత్రం కాజాలు కుడుతున్న జాకెట్ పక్కన పెట్టి, కూతురి భుజం మీదుగా తొంగి చూసింది.

"ముందుగాల వాకిలి చెప్పు," అంది దీక్షిత.

"రెండు దిక్కుల అరుగులు. నడుమ తల్వాకిలి. గుమ్మం బాగ కిందికుండె. మీ డాడీ కొత్త అల్లుడై వచ్చిననాడు నెత్తికి తాకి ఇంత బొప్పి కట్టింది."

ట్రాక్టర్ల షోరూములో మెకానిక్‌గా చేసే చందర్ అప్పుడే పనినుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. "బొప్పి సంగతి చెప్తది. అందరి ముందట పకపక నవ్విన సంగతి చెప్పదు మీ అమ్మ," అన్నాడు.

"డాడీ, ఈ ఆటల తలుపు ఒకటే సైజు. నీ నెత్తికి తాకేటట్టు కట్టనీకి రాదు."

"అయితే అది మా అత్తగారిల్లే కాదు పో."

అట్లా మొదలైంది. భాగీరథి మిషను తొక్కుతూ చెప్పేది, దీక్షిత గడప మీద కూర్చుని కట్టేది. తల్లికి ఏదీ ఒక పట్టాన నచ్చేది కాదు.

"ఇది గూడా? నూనెగిన్నె పెట్టే గూడు ఇంతుంటదే? దీంట్ల మనిషి పండుకుంటడు."

"ఇంతకన్న చిన్నది రాదమ్మా. అన్నీ డబ్బాలే."

"మట్టి గిట్ల నల్లగుండదు. మన దిక్కు ఎర్రమట్టి."

ఆ మాటతో దీక్షిత కట్టిన గోడలన్నీ తానే తీసేసింది. ఎర్రమట్టి కోసం ఆ ఆటలోని దేశమంతా తిరిగింది. చివరికి ఒక ఏరు దాటి, పడవ వేసుకుని పోయి పోయి, ఎర్రటి గుట్టలున్న చోటు కనిపెట్టింది. అక్కణ్నుంచి సంచి నిండా దిమ్మెలు తవ్వుకుని తేవడం, గోడ పెట్టడం, మళ్ళీ వెళ్ళడం. దారి తప్పకుండా పొడుగునా దివిటీలు గుచ్చింది. తవ్వకుండానే అన్నీ వచ్చి చేతిలో పడే పద్ధతి కూడా ఆ ఆటలో ఉందట. భాగీరథి, "మరి గట్ల చేసుకోరాదె," అంటే దీక్షిత ఒప్పుకోలేదు.

"ఊరికెనే వచ్చిన మట్టితోని కడితే అది ఇల్లెట్లయితదమ్మా?"

ఎదురింటి బస్వమ్మ జాకెట్ కొలతకు వచ్చినా రాకున్నా రోజూ ఒకసారి వచ్చి కూర్చునేది. ఆమె నోటికి గల్లీ అంతా భయపడేది, దీక్షిత తప్ప.

"ఉన్న ఇల్లు ఊడ్వదు గని, లేని ఇల్లు కడుతున్నదమ్మా నీ బిడ్డ," అంది బస్వమ్మ ఒకసారి.

"పెద్దమ్మా, అయినంక నీకు ఒక అర్ర ఇస్త. వచ్చి ఉండు."

"నీళ్ల సౌలతు ఉన్నదా?"

"వానొస్తే నడింట్లకే వస్తయి నీళ్లు," అని దీక్షిత నవ్వింది. అప్పుడు ఆమె మిద్దె నడుమ ఒక దిమ్మె ఖాళీగా వదిలిపెడుతోంది.

అది బెళకిండి. మిద్దె కప్పులో నడిమింటికి సరిగ్గా పైన ఉండే కన్నం. ఊళ్లో కొందరు గవాచి అనేవారు. భాగీరథి అవ్వ అని పిలిచే తల్లి శాంతమ్మ బీదరు దిక్కునుంచి కోడలుగా వచ్చిన మనిషి కాబట్టి ఆమె తన కన్నడపు మాటే అనేది, ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. నడిమింటికి కిటికీలు లేవు. వెలుతురు రావాలన్నా పొయ్యి పొగ పోవాలన్నా బెళకిండే. మబ్బు ఉరిమిందంటే శాంతమ్మ ఏ పనిలో ఉన్నా "బెళకిండీ!" అని ఒక్క కేక వేసేది. ఆ కేకకు నిచ్చెనెక్కి పరుగెత్తి కన్నం మీద బండ జరపడం భాగీరథి పని. వాన వెలియగానే తీయడం కూడా ఆమె పనే. కానీ మూసి వచ్చిన పిల్ల వానలో ఆటలకు పడి తీయడం మరిచిపోయేది. ఇల్లంతా చీకటి, పొగ. శాంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి తిట్టేది.

"మూసుడు తెలుసు గని తీసుడు తెల్వదు నీకు!"

దీక్షితకు ఆ తిట్టు బాగా నచ్చింది. తల్లి బీరువాకు తాళం వేసి చెవి ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే అదే మాట. పచ్చడి జాడీ మూత బిగించి మళ్ళీ విప్పలేక అవస్థ పడుతుంటే అదే మాట. అమ్మమ్మ గొంతు ఎట్లా ఉండేదో ఆ పిల్లకు తెలియదు. అయినా అనేటప్పుడు నడుము మీద చెయ్యి పెట్టి అచ్చం శాంతమ్మ లాగే నిలబడేది. భాగీరథి నవ్వలేక నవ్వేది.

మెల్లగా తల్లికీ ఆ ఆట నేర్పింది. ఒక బొటనవేలితో నడవాలి, ఇంకో బొటనవేలితో చూడాలి. మొదట్లో భాగీరథి నడిస్తే గోడకు మొహం ఆనించి అక్కడే నడుస్తూ ఉండేది.

"అమ్మా, గోడను ముద్దు పెట్టుకుంటున్నవా?"

"ఉండే, ఇది తిరుగుతలేదు."

"నీకు చీకటంటే భయం గద. ఈడ పొద్దు గుంకకుండ పెట్టిన, ఎప్పటికీ పగలే. గుహలల్లకు మాత్రం పోకు. చీకటున్న కాడ పచ్చగ ఒకటి పుడుతది. సప్పుడు చేయకుండ పక్కకొచ్చి నిలవడి, పేలుతది."

"ఇంట్లకొస్తదా?"

"లోపలి అర్రల దివిటీ పెట్టిన. నడింట్ల బెళకిండి ఉన్నది. వెల్తురున్న కాడ అది పుట్టనే పుట్టదు. జర ఫికర్ చేయకు."

ఇల్లు దాదాపు పూర్తయింది. పెరట్లో పశువుల కొట్టం ఒక్కటి మిగిలింది. అంతలో వానాకాలం వచ్చింది, దీక్షితకు జ్వరం వచ్చింది.

ముందు మామూలు జ్వరమే అనుకున్నారు. ఇక్కడి దవాఖానలో చూపించారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయంటే సంగారెడ్డికి, అక్కణ్నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. చేతికి సూది గుచ్చి ఉండగా, ఎండిన పెదవులతో ఆ పిల్ల అన్నది ఇంటి మాటే.

"అమ్మా, కొట్టం గోడలు నువ్వు పెట్టు. నేనొచ్చి కప్పేస్త."

"నువ్వు రా. ఇద్దరం పెడదాం," అంది భాగీరథి.

దీక్షిత రాలేదు. అంబులెన్సులో వచ్చిన దాన్ని రావడం అనరు.

కర్మలయ్యాక చందర్ దీక్షిత ఫోను తీసి బీరువాలో బట్టల కింద పెట్టాడు. ఆ ఆటలో వెనక చిన్నగా ఒక పాట మోగుతూ ఉంటుంది. "ఆ సప్పుడు నా చెవుల పడొద్దు భాగీ," అన్నాడు. ఆమె సరేనంది. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. గుట్టలుగా జాకెట్లు వచ్చాయి. కుట్టింది. చేతికి కత్తెర తగిలి తెగినా నొప్పి తెలిసేది కాదు. బస్వమ్మ రోజూ వచ్చేది, కూర్చునేది, నోరు మెదపకుండా లేచి పోయేది. ఆ నోరు అట్లా ఊరుకోవడం భాగీరథికి ఇంకా భరించరానిదిగా ఉండేది.

ఎండాకాలం వస్తుండగా, ఎవరిదో ఎర్ర బట్టకు తగిన దారం కోసం వెతుకుతూ ఆమె బీరువా తీసింది. దారం దొరకలేదు. ఫోను తీసి చార్జింగు పెట్టింది. అద్దం ఒక మూల పగిలి ఉంది. ఫోను తెరిచే తాళం గీత ఆమెకు తెలుసు, కూతురు ఎన్నోసార్లు ఆమె ముందే గీసింది.

ఆట తెరుచుకుంది. ఎక్కడ ఆపితే అక్కడే మొదలవుతుంది అది. దీక్షిత చివరిసారి ఆపినప్పుడు నడిమింట్లో బెళకిండి కింద నిలబడి పైకి చూస్తోంది. ఫోను నిండా ఎర్రటి కప్పు, నడుమ నలుపలకల ఆకాశం, అందులో సగం మబ్బు.

భాగీరథి బొటనవేలు పైకెత్తి అట్లాగే ఆగిపోయింది. ఒక్కసారి కదిపితే ఈ నిలబడటం పోతుంది. తన కూతురు ఆ చోట, అటే చూస్తూ నిలబడి ఉంది. కదిపాక అది తానవుతుంది. ఫోను ఆర్పేసింది. మర్నాడు మళ్ళీ తెరిచి అదే ఆకాశాన్ని చూసి ఆర్పేసింది. అట్లా చాలా రోజులు చూసింది. ఒకరోజు గిరాకీ వచ్చి తలుపు తట్టగా ఉలిక్కిపడి వేలు తగిలింది. ఆకాశం పక్కకు తిరిగి గోడ వచ్చింది. ఆమె మళ్ళీ పైకి చూపించింది. మబ్బు కొంచెం జరిగి ఉంది.

"ఏమైంది భాగీరథక్కా, ఏడుస్తున్నవ్?" అని అడిగింది వచ్చినామె.

"కండ్లల్ల దారపుపోగు పడ్డది," అంది.

ఆ రోజు ఇల్లంతా తిరిగింది. అరుగులు, తల్వాకిలి, అర్ర, వంటిల్లు. ఏ దిమ్మెనూ ముట్టుకోలేదు. సంచిలో దీక్షిత తవ్వి మిగిల్చుకున్న ఎర్ర దిమ్మెలు ఉన్నాయి. వాటిని తీసి అర్రలోని పెట్టెలో దాచింది. అవి వాడేవి కావు. కొట్టానికి కావలసిన మట్టి తానే తెచ్చుకుంటుంది. ఇల్లు బిడ్డది, కొట్టం తనది. ఆ రెండూ కలవకూడదు.

సాయంత్రం చందర్‌కు చెప్పింది. అతను తల తిప్పుకుని, "సప్పుడు బంద్ చేసి ఆడుకో," అన్నాడు.

"కొట్టం ఒక్కటే కడత. ఇంట్ల దాని చెయ్యి పడ్డ దిమ్మె ఒక్కటి గూడ కదపను."

"నన్నెందుకడుగుతవే? నేను చూడను."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆమె ఎర్రగుట్టలకు పోయేది. ఇంటినుంచి ఏటి దాకా, ఏరు దాటాక గుట్టల దాకా, దీక్షిత గుచ్చిన దివిటీల వెంట నడిచేది. ఒకచోట దివిటీలు వంకర తిరిగి ఒక గోతి చుట్టూ పోయి మళ్ళీ దారిలో పడతాయి. అంటే బిడ్డ అక్కడ గోతిలో పడబోయి తప్పించుకుందన్నమాట. ఇంకోచోట ఒకే చోట రెండు దివిటీలున్నాయి. ఎందుకో తెలియదు. అడగడానికి మనిషి లేదు. కొట్టం గోడ ఆమె కుట్టు లాగే వంకర లేకుండా లేస్తోంది. దీక్షిత చూస్తే, "ఏం గోడమ్మా, స్కేలు పెట్టి గీసినట్టున్నది, కొట్టం గోడ గిట్లుంటదా," అనేది.

ఒకరోజు ఆమె ఎర్రగుట్టలకు బయలుదేరబోతూ నడిమింట్లో ఉండగా ఆటలో వాన మొదలైంది. బెళకిండిలోంచి సన్నటి గీతలుగా నీళ్ళు నడిమింట్లో పడుతున్నాయి. శబ్దం లేదు, ఆర్పేసి ఉంది. అయినా భాగీరథికి కేక వినిపించింది. ఆలోచించలేదు. బయటికి వచ్చి, గోడ పక్క మెట్ల మీదుగా మిద్దెక్కి, కన్నం మీద ఒక రాతి దిమ్మె పెట్టేసింది. చిన్నప్పుడు బండ జరిపి చేతులు దులుపుకున్నట్టే, మిషను ముందు కూర్చున్న మనిషి చీర కుచ్చెళ్ళకు అరచేతులు దులుపుకుంది. తర్వాత దిగి, ఎర్రగుట్టల దారి పట్టింది.

అక్కడ సంచి నిండే దాకా తవ్వింది. ఈలోగా వాన వెలిసింది. దివిటీల వెంట తిరిగొచ్చి తల్వాకిలి తెరిచింది.

లోపల చీకటిగా ఉంది. ఎందుకు చీకటిగా ఉందో ఆమెకు తట్టేలోగా ఆ చీకట్లో పచ్చగా ఒకటి ఇటు తిరిగింది. దానికి చేతులు లేవు, దిగాలు మొహం. వంటింటి గోడ పక్కన నిలబడి ఉంది. నిలబడ్డ చోటే ఉబ్బి తెల్లబడింది. తెర మొత్తం ఒక్కసారి అదిరింది.

పొగ తగ్గాక చూస్తే, నడిమింటికీ వంటింటికీ నడుమ గోడ లేదు. గూడు లేదు. నేలలో గుంట పడింది. పగిలిన దిమ్మెలు చిన్నవై గాలిలో తేలుతూ తిరుగుతున్నాయి. కొన్ని మాయమైపోయాయి. భాగీరథి, "అయ్యో, అయ్యో బిడ్డా," అంటూ వాటి మీదికి పరుగెత్తింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ ఆటలో దిమ్మె దగ్గరికి పోతే చాలు, అది ఎగిరి సంచిలోకి వచ్చేస్తుంది. టక టకా అన్నీ వచ్చి చేరాయి. ఆమె సంచి తెరిచింది.

దిమ్మెలు వేరువేరుగా లేవు. ఒక్క గడిలో ఒక్క ఎర్ర దిమ్మె బొమ్మ, పక్కన అంకె. అంకె మాత్రం పెరిగింది. ఆమె ఇప్పుడే తవ్వి తెచ్చిన మట్టీ, దీక్షిత పడవలో మోసుకొచ్చి పెట్టిన మట్టీ ఒకటే కుప్ప అయిపోయాయి. వాటిని విడదీయడానికి చూసింది. సగం చేస్తే సగమవుతుంది, ఒకటి తీస్తే ఒకటి వస్తుంది. ఏది ఎవరిదో ఆ ఆటకు తెలియదు.

బట్ట అయితే అట్లా కాదు. ఎవరో కుట్టిన కుట్టు విప్పి మళ్ళీ కుడితే పాత సూది రంధ్రాలు కనిపిస్తాయి. ఫలానా చోట ఇంకో చెయ్యి పడిందని వేలితో తడిమి చెప్పవచ్చు. ఇక్కడ తడమడానికి ఏమీ లేదు.

చందర్ పనినుంచి వచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. లైటు వేయలేదు. పొయ్యి వెలిగించలేదు.

"ఏందే? ఏమైంది?"

"బెళకిండి మూసిన," అంది. "వానొస్తుందని మూసిన. తీయలే."

అతనికి మొదట అర్థం కాలేదు. ఆమె ఫోను చూపించింది. ఇన్నాళ్ళూ తల తిప్పుకున్నవాడు ఆ కూలిన గోడ వంక చూశాడు. నెమ్మదిగా ఆమె పక్కన కూర్చున్నాడు.

"మళ్ల కట్టరాదా?"

"కడత. గని అది నేను కట్టినట్టయితది. దానిది పాయె. ఇంకోటి విను. గూడు యాడ పెట్టాల్నో నాకు తెలుస్తలేదు."

"నువ్వు పుట్టిన ఇల్లు. నీకు తెల్వదా?"

"మా అవ్వ ఇంట్ల గూడు కుడి దిక్కుండె. నిద్రల లేపి అడిగినా చెప్త. బిడ్డ యాడ పెట్టిందో యాదికొస్తలేదు. నిన్న గూడ చూసిన. రోజు చూసిన. అయినా మా అవ్వ గోడనే కనిపిస్తున్నది గని, నా బిడ్డ గోడ కనిపిస్తలేదు."

చందర్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. గ్రీజు మరకల వేలితో పగిలిన చోటికి ఎడమ పక్కన చూపించాడు.

"ఈడ. ఎడమ దిక్కు."

"నీకెట్ల తెలుసు?"

"అది పెడుతుంటె నువ్వు తప్పు అనబోయినవ్. నేను కాలుతోని నీ కాలు తొక్కి ఆపిన. యాదికి లేదా?"

ఆమెకు గుర్తొచ్చింది. కాలు తొక్కడం గుర్తొచ్చింది, చిన్నగా విసుక్కోవడం గుర్తొచ్చింది. "ఎందుకాపినవ్?"

"పడవేసుకోని పోయి మట్టి తెచ్చె గదనే పిల్ల. మళ్ల కూలగొట్టుమంటమా?"

కాసేపు ఇద్దరూ వేరువేరుగా ఏడ్చారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. తర్వాత చందర్ ముక్కు తుడుచుకుని, "నాకు తాకిన గుమ్మం యాడున్నది? చూపియ్యి," అన్నాడు.

ఆమె ఇంటి బయటికి నడిపించి, తల్వాకిలి ముందు నిలబెట్టి, మళ్ళీ లోపలికి నడిపించింది. గుమ్మం దాటేటప్పుడు, గడప మీద కూర్చున్న చందర్ తనకు తెలియకుండానే తల కొంచెం వంచాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మొదట మిద్దెక్కి రాతి దిమ్మె తీసేసింది. వెలుతురు గుంటలో పడింది. నేల పూడ్చింది. గోడ పెట్టింది. పేలుడులో మాయమైన వాటికి బదులు ఏవి పెట్టాలి? అర్రలో పెట్టెలో దాచిన దీక్షిత దిమ్మెలు ఉన్నాయి. పెట్టె తెరిచి చూసింది, మూయబోయింది. మూత మీద వేలు ఆగింది. తల్లి తిట్టు గుర్తొచ్చిందో, బిడ్డ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం గుర్తొచ్చిందో ఆమె చెప్పలేదు. అవన్నీ సంచిలోకి తీసుకుంది. అవి కూడా ఆ కుప్పలోనే కలిసిపోయాయి. అంకె ఇంకొంత పెరిగింది.

గూడు ఎడమ దిక్కునే పెట్టింది. శాంతమ్మ ఇల్లు అట్లా ఉండేది కాదు.

కొట్టానికి కప్పు వేయలేదు. గోడలు లేచి, పైన ఆకాశంతో అట్లాగే ఉంది. నేనొచ్చి కప్పేస్తానన్న మనిషి మాట అది. ఆమె దాని జోలికి పోలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బస్వమ్మ వచ్చి కూర్చుంది. చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఏదే, నీ బిడ్డ నాకిస్తనన్న అర్ర? చూపియ్యవ?"

భాగీరథి ఫోను తీసి పక్కకు జరిగి చోటిచ్చింది. అరుగులు చూపించింది, అర్ర చూపించింది. బస్వమ్మ కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, మొహం ఫోనుకు ఆనించి చూసింది.

"అర్ర ఇరుకున్నది గని పర్వాలేదు. పిల్ల మంచిగనే కట్టింది," అంది. కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "నడింట్ల గోడ కూలిందంటివి గద? దాంట్ల బిడ్డ కట్టింది ఏది, నువ్వు కట్టింది ఏది?"

భాగీరథి ఆ గోడ ముందు నిలబడి చూసింది. ఎడమ పక్క గూడు. పైనుంచి కిందిదాకా ఎర్ర దిమ్మెలు, ఒకదానికొకటి తేడా లేకుండా.

"తెల్వదక్కా," అంది.

అప్పుడే ఆటలో మబ్బు పట్టి వాన మొదలైంది. బెళకిండిలోంచి గీతలుగా నడిమింట్లో పడసాగింది.

"అయ్యయ్యో, ఇంట్లకు నీళ్లు! మూయే, మూయి," అని బస్వమ్మ ఆమె మోచెయ్యి పట్టి ఊపింది.

భాగీరథి బొటనవేలు లేచి, ఆగి, కిందికి దిగింది. నడిమింటి నడుమకు నడిచి, ఫోను మొదటిసారి తెరిచినప్పుడు బిడ్డ నిలబడ్డ చోటికి వచ్చి, పైకి చూసింది. ఆకాశం కనిపించింది. వాన సూటిగా మొహం మీదికి వస్తోంది.

"పడనీ," అంది.